రేవు కొట్టులో మొదటి గ్లాసు

మొన్నామధ్య తెల్లారగట్ల రావులపాలెం సెంటర్లో బస్సు దిగేం, నేనూ నా మనవరాలూ. అమలాపురం బస్సుకి ఇంకా టైముందని పిల్ల నన్ను ఓ కొత్త టీ కొట్టులోకి లాక్కెళ్ళింది. కొట్టు అనకూడదుట, కేఫ్ అనాలిట. గోడంతా బోర్డే. అల్లం టీ, యాలకుల టీ, బెల్లం టీ, నిమ్మకాయ టీ, కుండలో కాల్చిన టీ, చాక్లెట్ టీ, గులాబీ రేకుల టీ... అది వరసపెట్టి చదువుతోంటే పెళ్ళిలో చదివింపులు వింటున్నట్టుంది నాకు.

"ఏది కావాలి అమ్మమ్మా?"

"టీ లాంటి టీ ఏదైనా ఉందేమో చూడవే" అన్నాను.

కౌంటర్లో కుర్రాడు అప్పుడే దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తున్నాడు. ఫోనుతో డబ్బులు కట్టడం నాకు చేతకాదు గనక పర్సులోంచి నోటు తీసి ఇచ్చేను. ఆ అబ్బాయి దాన్ని రెండు కళ్ళకీ అద్దుకుని, పటం ముందు పెట్టి, "మీదే బోణీ అండీ మామ్మగారూ. ఆయ్, కూర్చోండి, వేడిగా ఇచ్చేత్తాను" అన్నాడు.

మా ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ పొద్దున్న ప్రయాణం హడావుడిలో నా నుదుట బొట్టు కూడా లేదు. ఆ కుర్రాడు అటు చూడనైనా లేదు. పొద్దున్నే మొదటి బేరం వచ్చింది, వాడికి అంతే కావాలి. అది ఎవరి చేతిమీదుగా వచ్చిందన్న ఆలోచనే వాడి బుర్రలో లేదు. నాకు ఎక్కడలేని నవ్వు ముంచుకొచ్చింది. కొట్టు అదిరేలా నవ్వేను. పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు కూడా తిరిగి చూసేరు.

"ఏవైంది అమ్మమ్మా? బాగానే ఉన్నావా?"

"బాగానే ఉన్నానే. మా అత్త గెలిచింది" అన్నాను.

"ఏ అత్త?" అంది అది. బస్సెక్కేక చెప్పేను. మీకూ అదే చెబుతున్నాను.

మా ఊరికి అప్పటికి వంతెన లేదు. గోదారి పాయ దాటి అవతలికి వెళ్ళాలంటే పంటే గతి. రెండు పెద్ద పడవల్ని జతచేసి, పైన చెక్కలు పరిచి, ఇంజను బిగిస్తే అదే పంటు. మనుషులూ, సైకిళ్ళూ, అరటి గెలల బళ్ళూ, అప్పుడప్పుడూ ఓ జీపూ, అన్నీ దానిమీదే దాటాలి. పంటు కట్టే రేవులో, గట్టు దిగువన తాటాకు పాకలో ఓ టీ కొట్టు ఉండేది. తడి ఇసకా, డీజిలూ, బొగ్గుల పొగా, మరుగుతున్న డికాక్షనూ, అన్నీ కలిసి అక్కడ ఒకటే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా డీజిలు వాసన తగిలితే నాకు టీ తాగాలనిపిస్తుంది. మా డాక్టరుగారికి చెబితే నవ్వుతారు.

కొట్టాయన బక్కపల్చటి మనిషి, తలకి తువ్వాలు. ఒక చేతిలో మగ్గు పైకెత్తి, ఇంకో చేతిలో గ్లాసు కిందకి దించి, టీని గజం పొడుగున సాగదీసి పోసేవాడు. చుక్క కింద పడేది కాదు. పొయ్యిమీద ఇత్తడి బాయిలరు, పక్కన పాలగిన్నె, ఆ పక్కన డికాక్షను వడకట్టే గుడ్డ సంచి. ఆ సంచి ఒకప్పుడు తెల్లగా ఉండేదని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా తరం వాళ్ళెవరం చూళ్ళేదు.

ఇప్పుడు బోర్డుమీద రాసుకుంటున్నారు గానీ, టీల్లో రకాలు అప్పుడు మాత్రం లేవా? మనిషికో రకం ఉండేది. పంటు నడిపే సరంగుకి టీ అంటే కషాయమే, పాలు చూపించి తీసెయ్యాలి. అరటికాయల వ్యాపారికి పైన మీగడ తేలాలి. తేలకపోతే "ఏటండీ ఇది, గోదారి నీళ్ళా?" అని గ్లాసు వెనక్కిచ్చేసేవాడు. మా బడి మేష్టారు ఎప్పుడూ సగం గ్లాసే చెప్పేవారు. అది తాగేక ఇంకో సగం చెప్పేవారు. పూర్తి గ్లాసు తాగితే అలవాటైపోతుందని ఆయన భయం. మా నాన్న సాసర్లో పోసుకుని, ఊదుకుని, అవతలి గట్టుకి వినపడేలా జుర్రేవాడు. ఇంట్లో తాగితే వీధికుక్కలు తలెత్తి చూసేవి.

ఇంట్లో మా మామ్మ టీకి బద్ధశత్రువు. "టీ తాగితే నల్లబడిపోతావే గుంటా, ఎవడూ చేసుకోడు" అని నన్ను పొయ్యి దరిదాపులకి రానిచ్చేది కాదు. తను మాత్రం మధ్యాన్నం మూడయ్యేసరికి తలనొప్పి తెచ్చుకుని ఇత్తడి గ్లాసుడు లాగించేది. అది టీ కాదుట, మందుట. ఆ మందు కాచిన గిన్నె కడగడం నా పని. అడుగున మిగిలిన పొడిలో బెల్లంముక్క అద్దుకుని తినేదాన్ని. చేదూ తీపీ కలిసి నాలిక జివ్వుమనేది. అది ఏ బోర్డుమీదా ఉండదు లెండి.

ఇంక మా అత్త. నాన్నకి సొంత చెల్లెలు. ఆత్రేయపురం పక్కన ఓ పల్లెలో ఇచ్చేరు. కాపరానికెళ్ళిన కొన్నాళ్ళకే మావయ్య పోయేడు. అత్త ఒక ట్రంకుపెట్టే, పూతరేకులు తీసే కుండా తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ కుండని బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని దానిమీద ఒక్క విసురు విసిరేది. రెప్ప వేసేలోపు పొర లేచేది. ఊదితే ఎగిరిపోయేంత పల్చన. దాంట్లో నెయ్యీ, బెల్లప్పొడో పంచదారో వేసి మడతపెట్టడమే. ఆ మంట దగ్గర అత్త వేళ్ళు కాలి కాలి మొద్దుబారిపోయేయి.

"ఎందుకే ఈ పాట్లు? నాలుగు మెతుకులు నీకు పెట్టలేమా?" అనేది మామ్మ. ఆ పెట్టడంలో ఎన్ని మాటలు కలిపి పెడుతుందో అత్తకి తెలుసు. "వేళ్ళు కాలితే కాలనీ అమ్మా. నా తిండి నేను తింటున్నాను" అనేది.

రోజూ తెల్లారకుండా మొదటి పంటుకి అత్త అవతలి గట్టున రోజుకో ఊరి సంతకి వెళ్ళేది. తగరం డబ్బాలు రెండు. ఒకటి తను నెత్తిన పెట్టుకునేది, రెండోది రేవుదాకా నేను మోసేదాన్ని. ఆ రేవులో ఒక్క గ్లాసు టీ, అదొక్కటే మా అత్త తనకోసం తను చేసుకునే ఖర్చు. అందరూ పైగుడ్డతో పట్టుకునే గ్లాసుని అత్త వట్టి చేతుల్తో పట్టుకునేది. కళ్ళు మూసుకుని ముందు వాసన చూసేది. ఒక్క గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని, మింగేక "అబ్బ!" అనేది. ఆఖరి రెండు గుక్కలూ నాకిచ్చి "మామ్మకి చెప్పకే" అనేది.

అయితే ఆ గ్లాసు అంత తేలిగ్గా చేతికొచ్చేది కాదు. పొద్దున్నే మొదటి బేరం ఎవరితో అవుతుందో రోజంతా అలాగే నడుస్తుందని కొట్టాయన నమ్మకం. ఆయనదనేముంది, అందరిదీ అదే. మగవాడు బోణీ చేస్తే మంచిది. ముత్తైదువ చేస్తే ఇంకా మంచిది. మొగుడు పోయిన మనిషి చేతి డబ్బుతో బోణీయా? రామ రామ!

అలాగని అత్తని ఆయన ఏనాడూ కసురుకోలేదు. మా సీమలో అవమానం కూడా అండీ కలిపే చేస్తారు. "ఆయ్ అక్కగారూ, వచ్చేరా? అలా చూరుకింద నిలబడండి. ఒక్క బోణీ అవనివ్వండి, మీకు చిక్కగా ఇత్తాను" అనేవాడు. టీ మరుగుతూ ఉండేది. వాసన వస్తూ ఉండేది. అత్త నిలబడే ఉండేది. ఎవడో ఒకడు ఆవలించుకుంటూ వచ్చి బోణీ చేసేక అప్పుడు అత్తకి గ్లాసు. అదీ చూరుకింద నిలబడే తాగాలి, లోపల బల్లమీద కాదు. చాలాసార్లు ఈలోగానే సరంగు హారన్ కొట్టేసేవాడు. అత్త తాగకుండానే డబ్బాలు ఎత్తుకుని పరిగెత్తేది.

"నువ్వే కదా ముందొచ్చేవు?" అని నేను పోట్లాడితే, "పోనీలేవే, టీయేగా" అనేది. మొహం చూస్తే అది టీ ఒక్కటే కాదని నాకే తెలిసిపోయేది.

అలాంటిది ఓ శ్రావణమాసం, ముసురు పట్టిన ఆదివారం. రాత్రంతా కురిసినా ఇంకా తెరిపివ్వలేదు. అత్తకి జలుబు చేసి గొంతు పట్టేసింది. డబ్బాలకి గోనెపట్టాలు కప్పుకుని రేవుకొచ్చేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యేం. కొట్టు తెరిచే ఉంది. టీ తెర్లుతోంది. నరమానవుడు లేడు.

"ఆయ్ అక్కగారూ, ఒక్క బోణీ..." అన్నాడు కొట్టాయన అలవాటుగా.

చూరుకింద నిలబడ్డాం. చూరునీళ్ళు సరిగ్గా అత్త వీపుమీద పడుతున్నాయి. అత్త గజగజా వణుకుతోంది. ఎంతకీ ఎవరూ రారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏవండీ, మరుగుతోంది కదా, ఇవ్వచ్చుగా?"

"ఇత్తానమ్మా. ఒక్క మనిషి రానీ."

"మా అత్త మనిషి కాదేటండీ?"

"నీకు తెలవదులేమ్మా, చిన్నపిల్లవి" అని నవ్వేడాయన. ఆ నవ్వుకి అత్త మొహం ఎర్రబడింది. అంతలో కిందనించి సరంగు మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ పైకి వస్తున్నాడు. కొట్టాయన మొహం చేటంత అయింది. "రండి రండి, మీకోసవే చూత్తన్నాను!"

సరంగు లోపలికి అడుగు పెట్టేలోగా అత్త పెట్టింది. అన్నాళ్ళలో ఆ చూరు దాటడం అదే మొదలు. కొంగుముడి విప్పి, చిల్లర తీసి, పొయ్యిపక్క చెక్కమీద టక్కుమని పెట్టింది.

"ఈవేళ బోణీ నాది."

"అదేటండీ అక్కగారూ, తెల్లారకుండా..."

"ఏమవుద్దో చూద్దాం. సాయంత్రానికి నీ కొట్టు బేరం లేక బోసిపోయిందనుకో, రేపట్నించి నేనీ రేవులో అడుగుపెట్టను. బేరం బాగుందనుకో, రోజూ మొదటి గ్లాసు నాది. బయట నిలబడి కాదు, ఈ బల్లమీద కూచుని తాగుతాను."

ఈ రేవు కాకపోతే పై రేవుకి పోవాలి. డబ్బాలు మోసుకుని అంతదూరం నడిచేసరికి సంత సగం అయిపోతుంది. రేకులు అమ్ముడవ్వకపోతే అత్త మళ్ళీ వంటింటి మూల కూర్చుని మామ్మ మాటలు మింగాల్సిందే. "అత్తా, వద్దు" అని కొంగు పట్టుకు లాగేను. అత్త కదల్లేదు.

కొట్టాయన నీళ్ళు నములుతోంటే సరంగు బల్లమీద చతికిలబడ్డాడు. మావాళ్ళకి అన్నం లేకపోయినా ఫరవాలేదు, పందెం అన్న మాట చెవిన పడితే చాలు. "ఇంత మాటన్నాక పొయ్యకపోతే మీరు భయపడ్డట్టేనండి. పొయ్యండి ఆవిడికి. సాక్షి నేను" అన్నాడు.

పోసేడు. ఆ రోజు టీ గజం సాగలేదు, మగ్గు వణికి నాలుగు చుక్కలు కిందపడ్డాయి. అత్త ఇచ్చిన చిల్లర చేత్తో ముట్టుకోలేదు, బొగ్గులు తీసే పట్టుకారుతో చెక్క చివరికి నెట్టేడు. అత్త అదీ చూసింది. బల్లమీద కూర్చుని ఆఖరి చుక్కదాకా తాగింది.

సరంగు కిందకెళ్ళి ఇంజను తిప్పేడు. అది నాలుగుసార్లు దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పేడు. మళ్ళీ దగ్గింది. కాసేపటికి పైకొచ్చి, "ఇంజను పోయిందండోయ్! అమలాపురం నించి మేస్త్రీ రావాలి. సాయంత్రం దాకా పంటు లేదు" అని కేకేసేడు.

కొట్టాయన నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "చూసేరా అక్కగారూ? చూసేరా? పంటు లేని రేవుకి ఎవడొత్తాడండీ? నా కొంప ముంచేరు కదండీ!"

నది పోటుమీదుంది, నాటు పడవలు కూడా కట్టేసేరు. తనకీ సంత పోయింది. డబ్బాల్లో రేకులు సాయంత్రందాకా ఉంటే ఈ చెమ్మకి మెత్తబడి జావైపోతాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడొచ్చింది మొదటి బస్సు. మామూలు రోజుల్లో బస్సు దిగిన జనం దిగినట్టే పంటుమీదకి పరిగెత్తేవారు. టీ తాగే తీరిక పదిమందిలో ఒకడికుండేది. ఈవేళ పరిగెత్తడానికి పంటు లేదు. పైన వాన. జనమంతా ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ కొట్టు చూరుకింద చేరేరు. చూరుకింద నిలబడ్డవాడి ముక్కుకి టీ వాసన తగలదా?

"ఏవండీ, ఓ నాలుగు ఇవ్వండి."

"ఇటు మూడండీ బాబూ."

కొట్టాయన నెత్తిమీంచి చేతులు తీసేడు. అంతలో రెండో బస్సు. వెనకే అరటి గెలల బళ్ళు. ఆ వెనక, మామిడాకులు కట్టుకుని, సన్నాయీ డోలూ వేసుకుని పెళ్ళివారి బస్సు! ముహూర్తం రాత్రికిట, అవతలి ఊళ్ళోట. ఆడపెళ్ళివారు ఊరు ఊరంతా దిగేరు. కొట్టాయనకి రెండు చేతులు చాలడం లేదు. గ్లాసులు కడిగే తీరిక లేక సరంగునే కడగమన్నాడు. పంటు లేక ఖాళీగా ఉన్న సరంగు బుద్ధిగా కడిగేడు.

నేనెందుకూరుకుంటాను? డబ్బా మూత తీసేను. నేతి వాసన గుప్పుమంది. పెళ్ళివారి పిల్లలు ఈగల్లా మూగేరు. పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక తాతలు. "ఆత్రేయపురం చెయ్యండీ, నోట్లో వేసుకుంటే కరిగిపోద్దండీ" అని నేను అరుస్తోంటే అత్తకి పొట్లాలు కట్టడానికే సరిపోయింది.

ఇక్కడొచ్చింది తిరకాసు. రేకులు తిన్నవాళ్ళు టీ తాగి మొహం చిట్లించడం మొదలుపెట్టేరు. "ఏవండీ, పంచదార మర్చిపోయేరేటి?" కొట్టాయన గాభరాపడి ఒక చెంచా వేసేడు. "ఇంకా చప్పగానే ఉందండి." ఇంకో చెంచా. "అబ్బే!" ఇంకో చెంచా. అందరిదీ అదే మాట. మధ్యాన్నానికి పంచదార డబ్బా అడుగు కనిపించింది. ఆ వెంటనే పాలూ అయిపోయాయి.

అత్తకి అప్పుడర్థమైంది. నా నెత్తిన ఒక్కటిచ్చుకుంది. "నాలికమీద రేకు తీపి ఉంటే టీ చప్పగా ఉండదుటే? ముందు టీ, తరవాత రేకు అని చెప్పద్దూ, పిచ్చిమొహమా!" అంటూనే పగలబడి నవ్వింది. ఈరోజుకీ నేను ఎవరింటికెళ్ళినా మిఠాయి పక్కన పెట్టి ముందు టీ తాగుతాను. చూసేవాళ్ళు మొహమాటం అనుకుంటారు.

కొట్టాయనకి మాత్రం నవ్వు రాలేదు. "పాల్లేవు, పంచదార లేదు. ఇంతమంది జనాన్ని ఎదురుగా పెట్టుకుని కొట్టు మూసుకోవాలి. చూసేరా మరి బోణీ!" అన్నాడు.

అత్త నవ్వు ఆగిపోయింది. "టీపొడుందా?"

"ఉందండి."

"అల్లం?"

"ఉందండి. అవేం చేసుకుంటారు?"

"పక్కకి జరుగు."

కొంగు బొడ్లో దోపుకుని అత్త పొయ్యి వెనక్కి వెళ్ళింది. బాయిలర్లో నీళ్ళు తెర్లించింది. అల్లం రాతిమీద నలక్కొట్టి వేసింది. రేకుల కోసం తెచ్చుకున్న బెల్లప్పొడి రెండు గుప్పిళ్ళు, నాలుగు యాలకులు, చిటికెడు మిరియాలపొడి. పాలలో బెల్లం వేస్తే విరిగిపోతాయి, ఇక్కడ విరగడానికి పాలేవీ? ఆఖర్న టీపొడి వేసి, మూత పెట్టి, దించేసింది. నిమ్మచెక్క ఒకటి పిండితే ఇంకా బాగుండేది. కొట్టు మొత్తంమీద గుమ్మానికి దిష్టికి కట్టిన నిమ్మకాయ ఒక్కటే ఉంది. అత్త దానివంక చూసింది. కొట్టాయన రెండు చేతులూ జోడించేడు.

ఆ టీ రంగు వరద గోదారి రంగు. వాసనకి చూరుకింద జనం మాటలు మానేసి ఇటు తిరిగేరు. తాగినవాడు తాగినట్టు "ఆహా" అని, ఇంకోటి అడుగుతున్నాడు. మీగడ లేనిదే ముట్టని అరటికాయల వ్యాపారి రెండు గ్లాసులు తాగేడు.

పెళ్ళివారిలో ఓ పెద్దావిడ బల్లమీద కూర్చుని ఉంది. పెళ్ళికూతురి నాయనమ్మట. ముక్కుకి బేసరి, చేతినిండా గాజులు. ఒక గుక్క తాగి తలెత్తి చూసింది.

"ఈ టీ కాసిందెవరు?"

పెళ్ళివారికి ఎవరు కాసిన టీ పోసేడో అప్పుడు గుర్తొచ్చి కొట్టాయన గుడ్డ సంచి పిండడంలో పడిపోయేడు. సరంగు గోదారివంక చూసేడు. అత్త చేతులు తుడుచుకుని పొయ్యి వెనకనించి ముందుకొచ్చి నిలబడింది.

"నేనేనండి."

పెద్దావిడ అత్త నుదురు చూసింది. వట్టి చేతులు చూసింది. ఆవిడ ఏమన్నా అంటే అత్త ఇంక తట్టుకోలేదని నాకు తెలుసు.

"పొద్దున్నించీ పట్టేసిన గొంతు విడిచిందమ్మా. నాకింకో గ్లాసు పొయ్యి. మా పెళ్ళికూతురికీ ఒకటియ్యి తల్లీ, ఉపవాసం, ఏవీ తినలేదు పిల్ల" అంది.

అత్త గ్లాసు నింపి బస్సు దగ్గరికి తనే పట్టుకెళ్ళింది. బాసికం కట్టాల్సిన ఆ పిల్ల కిటికీలోంచి చెయ్యి చాపి, మా అత్త చేతిలోంచి ఆ గ్లాసు అందుకుంది. అంతమంది చూస్తూండగా అందుకుంది. టీ పడి హుషారొచ్చిన సన్నాయాయన ఆపుకోలేక ఓ ముక్క వాయించేసేడు. నాకైతే ఆ మేళం మా అత్తకేననిపించింది.

సాయంత్రం మేస్త్రీ వచ్చేడు, ఇంజను కదిలింది. జనం పంటెక్కేరు. మా డబ్బాల్లో నేతి మరకలు తప్ప ఏమీ మిగల్లేదు. సరంగు తాడు విప్పబోతూ, "ఏవండోయ్, పందెం మాటేవిటి?" అని అరిచేడు.

కొట్టాయన నసిగేడు. "అంటే మరి, పంటు చెడింది కాబట్టి జనం ఆగేరండీ..."

"పంటు చెడినప్పుడు ఆవిడ బోణీ వల్లేనన్నారు. మరి ఆగిన జనం ఎవరి వల్లండీ?"

పంటుమీద జనమంతా గొల్లున నవ్వేరు. కొట్టాయన తలగోక్కున్నాడు. పొద్దున్న పట్టుకారుతో నెట్టేసిన చిల్లర చెక్కచివర అలాగే ఉంది. దాన్ని చేత్తో తీసుకున్నాడు. రెండు కళ్ళకీ అద్దుకుని దేవుడి పటం ముందు పెట్టేడు.

"గెలిచేరండి అక్కగారూ. బంగారంలాంటి చెయ్యండి మీది."

"నా చేతిలో బంగారవూ లేదు, బొగ్గూ లేదు. రేపొద్దున్న నా గ్లాసు నాకు పొయ్యి, చాలు" అంది అత్త.

మేం ఇంటికెళ్ళేలోపే కబురు మామ్మకి చేరిపోయింది. తిడుతుందని నేను నాన్న వెనక నక్కేను. మామ్మ అత్తని కిందనించి పైదాకా ఓసారి చూసి, "ఆ బెల్లం టీ ఏదో నాకూ కాస్త కాసివ్వవే. తలనొప్పిగా ఉంది" అంది.

తరవాత చాలా ఏళ్ళకి వంతెన వచ్చింది. పంటుని విప్పి చెక్కలకింద అమ్మేసేరు. తాటాకు పాక ఏ గాలివానకి పోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు. అత్త పోయే నాటికి ఆత్రేయపురం రేకులంటే అట్టపెట్టెల్లో హైదరాబాదు వెళ్ళిపోతున్నాయి. వాటన్నిటికన్నా నాకు ఎక్కువ గుర్తున్నది ఆ శ్రావణం తరవాత వచ్చిన కార్తీకంలో ఓ పొద్దున్న.

అప్పటికి కొట్టాయన నమ్మకం పూర్తిగా తిరగబడిపోయింది. అత్త చెప్పిన మాట చెవినెక్కితే కదా! బోణీ అంటే అక్కగారిదే. అక్కగారు రాందే మగ్గు ఎత్తడు. ఆ రోజు ఆఖరి వాయి రేకులు సరిగా లేవక మాకు ఆలస్యం అయింది. పొగమంచులో గబగబా గట్టెక్కేం. కింద చూద్దుం కదా, కొట్టు చూరుకింద బారుగా జనం. అందరూ మగవాళ్ళే. బడి మేష్టారు, అరటికాయల వ్యాపారి, ఇంకా ఎవరెవరో. వాళ్ళ మధ్యలో తెల్లపంచె, భుజాన కండువా, సాక్షాత్తూ మా ఊరి ప్రెసిడెంటుగారు! చలికి చేతులు నలుపుకుంటున్నారు.

"ఏవయ్యా, మరుగుతోంది కదా, పొయ్యవేం?" అంటున్నారాయన.

"ఆయ్, ఒక్క నిమిషవండీ. అలా నిలబడండి. అక్కగారొచ్చి బోణీ చెయ్యాలండి. తరవాత మీకు చిక్కగా ఇత్తానండి."

నాకు కాళ్ళు ఆగలేదు. "అత్తా, పరిగెత్తు! ప్రెసిడెంటుగారు కూడా నిలబడ్డారు!" అన్నాను.

అత్త ఆగింది. నెత్తిమీద డబ్బా సర్దుకుంది. కిందకి ఓసారి చూసింది. ఆ మొహంలో అలాంటి వెలుగు నేను అంతకుముందు చూళ్ళేదు.

"తొందరేవుందే? నిలబడనీ" అంది.

ఆ గట్టు దిగడానికి మా అత్త అంతసేపు ఎన్నడూ తీసుకోలేదు. ఒక్కో అడుగూ చూసుకుంటూ, మధ్యలో ఆగి కొంగు సవరించుకుంటూ, తాపీగా దిగింది. కింద మగవాళ్ళంతా దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నారు.